ఎటు తిప్పినా అతుక్కునే కడ్డీ

సూదత్త పగబట్టిందంటే పాము కూడా పక్కకి జరిగి, "నువ్వు కానియ్యి తల్లీ, నేను నీ తర్వాతే" అంటుంది. ఏడు నెలలు పట్టింది ఆవిడ పగ. తింటున్నప్పుడు దాన్నే నమిలింది, బట్టలుతికేటప్పుడు దాన్నే బాదింది, నిద్రలో పళ్ళు కొరికితే పక్కింటివాళ్ళు ఎలకలనుకుని మందు తెచ్చుకున్నారు.

ముందు ఆవిడెవరో తెలియాలి. పిల్లల గౌన్లు కుట్టే ఫ్యాక్టరీ ఒకటుంది. మూడంతస్తులు, నాలుగొందల మిషన్లు. అన్నీ ఒక్కసారి మొదలైతే వీధి చివర పడుకున్న కుక్కకి కూడా చెవులు దిబ్బడేస్తాయి. రెండో అంతస్తులో, మెట్ల పక్కన, అగ్గిపెట్టంత గది ఉంది. గాజు కిటికీ, ఒక బల్ల, ఒక కుర్చీ, దిండంత లావు పుస్తకం. దాన్ని సూదుల గది అంటారు. ఆ కుర్చీలో పందొమ్మిదేళ్ళు కూర్చుంది ఈవిడ. చేరిన కొత్తలో సూదులక్క. జుట్టు నెరిసేసరికి సూదత్త. అసలు పేరు వాళ్ళాయనకైనా గుర్తుందో లేదో. ఆయన లారీ డ్రైవరు, ఇంటికొచ్చేదే నెలకి నాలుగు రోజులు, ఆ నాలుగూ నిద్రపోతాడు.

సూదుల గదిలో పనేంటంటే, మిషను మీద సూది విరిగిందనుకోండి, కుట్టే అమ్మాయి మిషను ఆపేసి ముక్కలన్నీ ఏరుకుని కిటికీ దగ్గరికి రావాలి. సూదత్త ఆ ముక్కల్ని తెల్లకాగితం మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తుంది. పూర్తి సూది అయితే టేపేసి పుస్తకంలో అంటించి కొత్తది ఇస్తుంది. మొన తక్కువైందో, ఇక చూస్కోండి. అయస్కాంతం కడ్డీ చేతబట్టి లేస్తుంది. మిషను, బల్ల, నేల, అక్కడున్న గౌన్లన్నీ ఒక్కొక్కటీ తడుముతుంది. నువ్వుగింజలో సగం ఉన్న మొన కూడా టక్కుమని కడ్డీకి అతుక్కుని రావాల్సిందే. పసిపిల్లలు తొడుక్కునే గౌన్లు మరి. పందొమ్మిదేళ్ళలో ఆవిడ చెయ్యి దాటి ఒక్క మొన బయటికి పోలేదు. ఆవిడకి వేరే ఆస్తి లేదు, ఇదే ఆస్తి. ఫ్యాక్టరీ ఓనరు పెద్దాయన అంతటివాడు కూడా ఆ గదిలోకి తలుపు తట్టి వచ్చేవాడు.

ఆ కడ్డీలు రెండు. జానెడు పొడుగు, బొటనవేలంత లావు, ఎర్రరంగు. చెక్కపెట్టెలో పక్కపక్కన పడుకుంటాయి. పెట్టె మూతకి లోపల్నుంచి ఒక అట్ట కొట్టి ఉంది. "రోజూ పొద్దున రెండు కడ్డీలూ ఒకదానికొకటి తాకించాలి. అతుక్కుంటే రెండూ బాగున్నట్టు." ఆ ముక్క ఎవడు రాశాడో గానీ వాడి బుర్రని గాజుసీసాలో పెట్టి అందరికీ చూపించాలి. సూదత్త మాత్రం అట్ట చెప్పినట్టే రోజూ తాకించింది. రోజూ అతుక్కున్నాయి. రోజూ "బాగున్నాయి" అని రాసి సంతకం పెట్టింది.

ఇంక రెండో మనిషి, సెంటు మేస్త్రి. రెండో అంతస్తు మొత్తానికి అజమాయిషీ అతనిదే. ముందు వాసన వస్తుంది, వెనకాల మేస్త్రి వస్తాడు, మేస్త్రి వెళ్ళిపోయాక కూడా వాసన గంటసేపు కూర్చుని వెళుతుంది. చేతిలో ఎప్పుడూ మైకు. పక్కనే నిలబడ్డ మనిషిని పిలవాలన్నా మైకులోనే పిలుస్తాడు. పెద్దాయన కనబడితే మాత్రం ఆ గొంతు ఎక్కడ దాక్కుంటుందో, పిల్లికూన గొంతు బయటికొస్తుంది.

ఒకరోజు గౌన్లు కొనే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఉత్తరంతో పాటు ఒక గౌనూ వచ్చింది. ఎక్కడో ఒక తల్లి తన పిల్లకి ఆ గౌను తొడిగిందట, మెడ దగ్గర చురుక్కుమందట, పిల్ల కెవ్వుమందట. మెడపట్టీలో సూదిమొన. గౌను మీది నంబరు చూస్తే మూడో వరస మిషన్లది, పుస్తకం తీస్తే ఆ రోజు సూదత్త సంతకం. ఆవిడకి ఆ రోజు బాగా గుర్తుంది. ముక్కలు పేరిస్తే కంటికి సూది పూర్తిగానే ఉంది. అయినా అలవాటు కొద్దీ కడ్డీ తీసుకెళ్ళి ఆ కట్టలన్నీ తడిమింది. ఏమీ రాలేదు. ఏమీ రాలేదనే సంతకం పెట్టింది.

మేస్త్రి మైకు అందుకున్నాడు. "అందరూ మిషన్లు ఆపండి! సూదుల గదిలో ముసలమ్మగారికి కళ్ళు పోయాయి. కళ్ళున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, ఆ కుర్చీ ఇస్తాను!"

ఎవరో కిసుక్కుమని నవ్వారు. ఒక్కరే. ఆ ఒక్క నవ్వు సూదత్త చెవిలో దూరి కాపురం పెట్టేసింది.

సాయంత్రానికల్లా ఆవిణ్ణి కింద అంతస్తుకి దించేశారు. మరుగుదొడ్ల పక్కన దారాలు కత్తిరించే బల్ల. కుట్టు అయిపోయిన గౌన్లకి వేలాడే పోగులు కత్తెరతో తుంచడం పని. కుర్చీ లేదు, ఒక కాలు పొట్టిగా ఉన్న మూడుకాళ్ళ పీట. పైన ఆవిడ కుర్చీలోకి ఎవరొచ్చారనుకున్నారు? మేస్త్రి మరదలు! సూదికి కన్నం ఏ వైపు ఉంటుందో తెలియని పిల్ల. దిండంత పుస్తకం మీద కాళ్ళు చాపుకుని గోళ్ళకి రంగేసుకునేది.

సూదత్త ఏడవలేదు. ఇంటికెళ్ళి అద్దంలో కళ్ళు చూసుకుంది. సూదిలో దారం ఎక్కించి చూసుకుంది. దీపం లేకుండా ఎక్కించింది. కళ్ళు బాగానే ఉన్నాయి. మరి మొన ఎలా పోయింది? నెలన్నర పాటు ఇదే పురుగు బుర్రలో తొలుస్తూ ఉంది. ఆవిడకి కావాల్సింది ఒక్కటే. ఆ కుర్చీ. ఊరికే ఇస్తే వద్దు. అదే మైకులో, అదే గొంతుతో, "పొరపాటు నాది" అని ఆ సెంటువాడు చెప్పాక కావాలి.

ఒకరోజు కత్తిరించిన కట్టలు ఇవ్వడానికి మెట్లెక్కుతూ గాజుకిటికీలోంచి చూసింది. మేస్త్రి మరదలు రెండు కడ్డీల్నీ చూడకుండా పెట్టెలో పడేసి మూతేసింది. పెట్టె సద్దు చెయ్యలేదు. చంటిపిల్లల్లా రెండూ బుద్ధిగా పడుకున్నాయి.

సూదత్త కాలు మెట్టు మీదే ఆగిపోయింది. వెనకాల వస్తున్న అమ్మాయి వచ్చి గుద్దుకుంది కూడా.

ఎందుకంటే పందొమ్మిదేళ్ళలో ఆ కడ్డీలు ఏనాడూ అలా పడుకోలేదు. అవి రెండూ తోడికోడళ్ళు. ఒకదాని తల ఇటుంటే రెండోదాని తల అటుండాలి, అప్పుడే సర్దుకుంటాయి. రెండు తలలూ ఒకే వైపు పెట్టావో, "పో అవతలికి" అని ఒకదాన్నొకటి తోసుకుని పెట్టెలోంచి దూకేసేవి. కొత్తలో ఎన్నిసార్లు వేలు నలిగిందో ఆవిడకి! అలాంటిది ఇవాళ ఎటు పడేస్తే అటు పడుకున్నాయంటే ఏంటర్థం?

ఆ సాయంత్రం నేరుగా ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది. ఆడపడుచుది ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీకొట్టు. ఊరంతా ఆవిణ్ణి రేడియో అంటారు. పాలు పొంగేలోపు పది ఇళ్ళ వార్తలు చెబుతుంది, మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు.

"ఏమే రేడియో, రెండు అయస్కాంతాలుంటే ఏం చేస్తాయి?"

"ఏం చేస్తాయి వదినా, అతుక్కుంటాయి."

"ఎప్పుడూనా?"

"తిప్పి పెడితే తన్నుకుంటాయి. మా ఆయనా నేనూ లాగ."

"మరి ఒకటి అయస్కాంతం, రెండోది ఉత్త ఇనుమైతే?"

"ఉత్త ఇనుముకేం తెలుసు పాపం, ఎటు తిప్పినా పోయి అతుక్కుంటుంది. మా మావగారు... అయినా ఎందుకడుగుతున్నావు?"

"ఆ పెట్టెలో రెండోది ఇనప కడ్డీనే. ఎవరో మార్చేశారు." సూదత్త గ్లాసు కింద పెట్టింది. "అట్ట మీద అతుక్కుంటే బాగున్నట్టు అని రాసుంది. అతుక్కోడానికి ఒక్కటి అయస్కాంతమైతే చాలు కదే! పందొమ్మిదేళ్ళు నేను పిచ్చిదాన్లా ఆ రాత నమ్మాను. నేను ఆ రోజు గౌన్లు తడిమింది ఇనప కడ్డీతో. అందుకే మొన రాలేదు."

రేడియో చేతిలో వడపోత గుడ్డ అలాగే ఉండిపోయింది. టీ అంతా పొయ్యిలో పోసింది. "వదినా! చేపలు!"

"ఏం చేపలు?"

"ఈ గౌను గొడవకి ముందు నువ్వు మీ చెల్లెలికి ఒంట్లో బాలేదని రెండ్రోజులు వెళ్ళావు చూడు, అప్పుడు మీ మేస్త్రి ఇక్కడే, ఈ మురిక్కాలవ దగ్గర గొంతుక్కూర్చుని చేపలు పట్టాడు! బండి తాళాలగుత్తి కాలవలో పడిందట. తాడుకి ఏదో ఎర్రగా కట్టి వదిలాడు. నేను 'ఏంటి మేస్త్రిగారూ, గాలం వేస్తున్నారా' అని కూడా అడిగాను. తాడు తెగింది. తాళాలూ పోయాయి, ఆ ఎర్రదీ పోయింది. మొహం ఇంత చేసుకుని వెళ్ళాడు. మర్నాడు పక్కసందులో లేతు పనివాడి దగ్గర కూర్చునున్నాడు."

లేతు పనివాణ్ణి రేడియో అడిగితే చెప్పకుండా ఉంటాడా? రెండు టీలకి కక్కేశాడు. జానెడు ఇనప ముక్క కోసి, చివర్లు గుండ్రం చేసి, ఎర్రరంగు వేసి ఇచ్చాడట.

"పద వదినా, ఇప్పుడే పెద్దాయన దగ్గరికెళదాం," అంది రేడియో కొట్టు మూసేస్తూ.

"కూర్చో."

"ఏంటి కూర్చునేది?"

"ఇప్పుడు వెళితే ఏమవుతుంది? తలుపేసుకుని మాట్లాడుకుంటారు. మేస్త్రి ఆయన కాళ్ళు పట్టుకుంటాడు. కొత్త కడ్డీ కొంటారు. నన్ను 'సర్లేమ్మా, పొరపాటైంది, వచ్చి కూర్చో' అంటారు. నన్ను తిట్టింది మైకులో, రేడియో. నాలుగొందల మంది ముందు. గౌన్లు కొనే కంపెనీ మేడమ్ ఏడాదికోసారి వచ్చి అంతా చూసి వెళుతుంది. దానికి ఇంకా అయిదు నెలలుంది. ఆవిడ ముందు, మైకు ముందు. అంతవరకు నోరు కుట్టేసుకో."

రేడియోని నోరు కుట్టుకోమనడమంటే ఏటిని నిలబడమనడమే. కానీ ఆ మనిషి కుట్టుకుంది. అయిదు నెలలు! ఆ దెబ్బకి కడుపుబ్బి, లావైందని కూడా అంటారు.

ఒక్క మాట మాత్రం అడిగింది. "ఈ అయిదు నెలల్లో ఇంకో పిల్లకి గుచ్చుకుంటేనో?"

సూదత్త మొహం చటుక్కున వాడిపోయింది. పగలో పడి ఆ సంగతి మర్చిపోయింది మరి. "అన్నీ నా బల్ల మీదుగానే కదా పోయేది," అంది చివరికి. మర్నాటి నుంచి ఒక్కొక్క గౌనూ పోగులు కత్తిరించాక మెడ, చంకలు, అంచులు వేళ్ళతో నలిపి నలిపి చూసేది. పక్కవాళ్ళు నాలుగు కట్టలు చేస్తే తను రెండు చేసేది, చేతకాదని తిట్లు తినేది. పక్కవాళ్ళ కట్టల్ని కూడా "ఇటు పడెయ్యండి, మడతపెడతాను" అని లాక్కుని తడిమేది. వేళ్ళకి జల్లెడ కన్నాలు పడ్డాయి. అయిదు నెలల్లో నాలుగు మొనలు దొరికాయి. ఏ రోజు, ఏ వరస గౌన్లో చీటీ రాసి, మొనతో సహా టిఫిన్ డబ్బా మూత లోపల టేపుతో అంటించుకుంది. ఒక్కో మొన దొరికినప్పుడల్లా ఆవిడకి వెన్నులో వణుకు, దాని వెనకే లోపల ఒక తీపి. ఈ తీపి సంగతి ఎవరికీ చెప్పలేదు. రేడియోకి తప్ప.

ఇంక మిగిలింది రుజువు. "సూది పెట్టి చూపిస్తే పోదా? ఇనుముకి సూది అతుక్కోదు, అయస్కాంతానికి అతుక్కుంటుంది," అంది రేడియో.

"ఆ గదిలో సూదులు ఏళ్ళ తరబడి ఆ కడ్డీల పక్కనే పడున్నాయి. వాటికీ ఆ గుణం పట్టేసింది. చూడు." పాతసామాన్ల కొట్లో సంపాదించిన ఒక అయస్కాంతం కడ్డీకి సూదిని నాలుగుసార్లు రాసి, పోగులు కత్తిరించే కత్తెరకి తాకించింది. సూది కత్తెరని పట్టుకుని వేలాడింది. "కత్తెర అయస్కాంతమా? కాదుగా. సూదిదే ఆ పట్టు. ఆ గదిలో సూదులన్నీ వాడి తరఫు మనుషులే. వాటి మాట పనికిరాదు. ఆ రెండు కడ్డీలు తప్ప ఇంకో వస్తువు లేకుండా ఏది ఏదో తేల్చాలి."

దీనికి మాత్రం పదిరోజులు పట్టింది. ఆ కడ్డీ పక్కన అంతే ఇనప కడ్డీ పెట్టుకుని, చుట్టూ కాగితాలు చుట్టి, రేడియో ఇటూ అటూ మార్చి ఇవ్వడం, సూదత్త చెప్పలేక తల గోక్కోవడం. దీన్ని దానికి తాకిస్తే అతుక్కుంటుంది. దాన్ని దీనికి తాకించినా అతుక్కుంటుంది. లాగేదెవరు, లాగబడేదెవరు? పెళ్ళాం మొగుడూ కలిసి నడుస్తుంటే ఎవరు ఎవర్ని ఈడ్చుకుపోతున్నారో తెలియనట్టే ఉంది.

ఒక సాయంత్రం గుండుసూదుల డబ్బా ఒలికిపోయింది. ఏరడానికి బద్ధకమై సూదత్త అయస్కాంతం కడ్డీని వాటిలో దొర్లించి ఎత్తింది. రెండు చివర్లా గుత్తులు గుత్తులుగా సూదులు, మీసాల్లాగ. నడుం దగ్గర నున్నగా, ఒక్క సూది లేదు.

"రేడియో!" అని అరిచింది. టీకొట్లో కూర్చున్న ముగ్గురు లేచి నిలబడ్డారు. "దీని బలం అంతా రెండు చివర్లలోనే. నడుం చచ్చుబడింది! ఇనుముకి అలా కాదు, దానికి సొంత బలమే లేదు, ఎక్కడ తాకించినా ఒకటే. ఒకదాన్ని బల్ల మీద పడుకోబెట్టు. రెండోదాని చివర తీసుకెళ్ళి దాని నడుముకి తాకించు. గట్టిగా అతుక్కుందా, చేతిలోది అయస్కాంతం. అతుక్కోలేదా, చేతిలోది ఇనుము, పడుకున్నది అయస్కాంతం!"

కాగితాలు చుట్టి మళ్ళీ ఇచ్చింది రేడియో. పదిసార్లు ఇస్తే పదిసార్లూ చెప్పింది. పదకొండోసారి రేడియో అయస్కాంతం దాచేసి, ఇంకో ఇనప ముక్క కలిపి ఉత్తినే రెండూ ఇనపవే ఇచ్చింది. "రెండూ మేస్త్రులే" అని విసిరికొట్టింది సూదత్త.

అయిదు నెలలూ గడిచి మేడమ్ వచ్చింది. పొట్టి జుట్టు, ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో పలక లాంటి అట్ట. దేన్నీ నమ్మని మొహం. పెద్దాయన ఒక పక్క, మేస్త్రి ఒక పక్క. మేస్త్రి ఆ రోజు ఎంత సెంటు కొట్టుకున్నాడంటే కిటికీల మీద ఈగలు సొమ్మసిల్లాయి. సూదుల గది ముందు నిలబడి మైకులో మొదలెట్టాడు, కింద అంతస్తు దాకా వినబడేలా.

"మేడమ్, పోయినసారి జరిగిన తప్పు ఇంక జరగదు. బాధ్యత లేని మనిషిని తీసేశాం. ఇదిగో, రోజూ పొద్దున చేసే పరీక్ష." రెండు కడ్డీలు తాకించాడు. టక్. "అతుక్కున్నాయి. రెండూ బాగున్నాయి."

మేడమ్ అట్ట మీద టిక్కు పెట్టబోయింది.

"ఒక్క నిమిషం మేడమ్." మెట్ల మీద సూదత్త. మెడలో కత్తెర, చేతిలో టిఫిన్ డబ్బా. "నేనే ఆ బాధ్యత లేని మనిషిని. ఆ రెంటిలో ఒకటి ఉత్త ఇనుము."

"ఏయ్, కిందికి పో!" మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది, అందరికీ వినబడింది. "మేడమ్, ఈవిడకి మతి పోయింది. చూడండి." పెట్టెలోంచి సూది తీసి ఒక కడ్డీకి పెట్టాడు, వేలాడింది. రెండోదానికీ పెట్టాడు, వేలాడింది. "ఇంకేం కావాలి?"

"సూదికే అయస్కాంతం గుణం పట్టింది మేస్త్రిగారూ. దాన్ని ఈ కత్తెరకి పెట్టండి."

మేడమ్ తనే సూది తీసుకుని కత్తెరకి పెట్టింది. వేలాడింది. కళ్ళజోడు పైకి తోసుకుంది.

"రెండూ అయస్కాంతాలే అయితే ఒకవైపు పెడితే లాగుతాయి, తిప్పి పెడితే తోస్తాయి," అంది సూదత్త. గొంతు వణకలేదు, వణక్కుండా ఉండటానికి అయిదు నెలలు సాధన చేసింది. "ఎంతైనా తిప్పండి, ఒక్కసారి తోయించండి. తోస్తే నేను రేపట్నుంచి ఈ గేటు వైపు రాను."

మేస్త్రి తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. టక్. నాలుగు రకాలుగా తిప్పాడు, నాలుగుసార్లూ టక్. మొహం వెలిగిపోయింది. "చూశారా మేడమ్! ఎటు తిప్పినా అతుక్కుంటోంది! ఇంకా మంచిదేగా!"

మైకులో ఆ మాట మూడంతస్తులూ తిరిగొచ్చింది. మేడమ్ అతన్ని ఎలా చూసిందంటే, గౌన్లో దొరికిన మొనని చూసినట్టు చూసింది. "అయితే ఏది ఇనుము?" అని సూదత్తని అడిగింది.

"మీరే చూడండి. ఒకటి బల్ల మీద పెట్టి, రెండోదాని చివర దాని నడుముకి తాకించండి."

మేడమ్ తాకించింది. కడ్డీ అతుక్కోలేదు, ఊరికే దొర్లింది. తారుమారు చేసి తాకించింది. టక్కున పట్టి, బల్ల మీది కడ్డీ గాల్లోకి లేచింది. "చేతిలోదే అయస్కాంతం. కింద వేలాడుతున్నది ఇనుము," అని తనే అంది, చిన్నపిల్లలా మళ్ళీ చేసి చూసింది. అంతసేపూ మేస్త్రి చూపు కడ్డీల మీద లేదు, పెద్దాయన మొహం మీదుంది. పెద్దాయన మొహం ఇటుకరంగు తిరుగుతోంది.

"మురిక్కాలవలో పడిందండీ," అంది పిల్లికూన గొంతు.

మేడమ్ సూదత్త వైపు తిరిగింది. "నీకు ఇది ఎప్పుడు తెలిసింది?"

సూదత్త ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. "అయిదు నెలలైంది."

"అయిదు నెలలు తెలిసి ఊరుకున్నావా? పిల్లలు వేసుకునేవి!"

సూదత్త టిఫిన్ డబ్బా మూత తీసి పట్టుకుంది. నాలుగు మొనలు, నాలుగు చీటీలు. పక్కనే ఆవిడ వేళ్ళు, కన్నాలు కన్నాలుగా. "ఊరుకోలేదు. చేత్తో ఏరాను. కానీ చెప్పకపోవడం తప్పే. చెబితే గదిలో సర్దేస్తారని చెప్పలేదు. నన్ను మైకులో తిట్టారు."

మేడమ్ ఆ వేళ్ళ వైపు చాలాసేపు చూసింది. తిట్టింది కూడా, గట్టిగానే తిట్టింది. సూదత్త తల వంచుకుని పడింది, ఆ తిట్లు న్యాయమేనని ఇప్పటికీ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మేడమ్ మేస్త్రి చేతిలో మైకు చూపించి, "ఆవిణ్ణి దేంట్లో అన్నావో దాంట్లోనే చెప్పు" అంది.

"పొరపాటు... నాదే."

"వినబడలేదు మేస్త్రిగారూ," అంది సూదత్త. "కింద మరుగుదొడ్ల పక్కన కూర్చున్నవాళ్ళకి అసలు వినబడదు."

"పొరపాటు నాదే! సూదత్త కళ్ళు బాగానే ఉన్నాయి!"

ఈసారి నవ్వింది ఒక్కరు కాదు. మూడంతస్తులూ నవ్వాయి.

పెద్దాయన మేస్త్రిని అక్కడికక్కడే గేటు బయటికి పొమ్మన్నాడు. సూదత్త చేతులడ్డం పెట్టింది. "పంపకండి. పెళ్ళాం పిల్లలున్నవాడు. నేను కూర్చున్న పీట మీద, నేను కూర్చున్నన్ని నెలలు కూర్చోనివ్వండి. రోజూ పొద్దున పైకొచ్చి నా ముందు ఈ కడ్డీలు పరీక్ష చెయ్యనివ్వండి. ఏడు నెలలయ్యాక ఒక అయస్కాంతం, ఒక ఇనుము ఇస్తాను. ఏది ఏదో చెప్పిన రోజున పైకెక్కించుకోండి."

"ఎంత మంచి మనసమ్మా నీది," అంది మేడమ్.

సాయంత్రం ఈ మాట విని రేడియో టీకొట్లో పొలమారి చచ్చేంత దగ్గింది.

కొత్త అయస్కాంతం కడ్డీ వచ్చింది. పెట్టె మూతకున్న పాత అట్ట పీకేసి సూదత్త తన చేత్తో రాసింది. "తలా తలా పెట్టి చూడాలి. తోసుకుంటేనే బాగున్నట్టు." రోజూ పొద్దున మిషన్లు మొదలవ్వక ముందు మేస్త్రి కిందనుంచి ఎక్కి వస్తాడు. సెంటు లేదు, ఒంటినిండా దారప్పోగులు. కడ్డీలు పెట్టి, మైకులో "తోసిందమ్మా" అంటాడు. "ఇంకొంచెం గట్టిగా" అంటుంది సూదత్త, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆ ఇనప కడ్డీని మాత్రం పారెయ్యలేదు, కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకుంది.

మొన్న ఏడు నెలలూ నిండాయి. మేస్త్రి తల దువ్వుకుని వచ్చాడు. పాత బుద్ధి పోక రవ్వంత సెంటు కూడా కొట్టుకున్నాడు. సూదత్త బల్ల మీద రెండు కడ్డీలు పెట్టింది. కిటికీ అవతల అమ్మాయిలంతా మూగారు.

మేస్త్రి తలా తలా పెట్టాడు. టక్. తిప్పాడు. టక్. "తొయ్యట్లేదు. ఒకటి ఇనుము," అన్నాడు హుషారుగా.

"అవును. ఏది?"

మేస్త్రి కడ్డీల వంక చూశాడు. పైకెత్తి చూశాడు. వాసన కూడా చూశాడు. కిటికీ అవతల ఒక అమ్మాయి జాలిపడి తన నడుం మీద చెయ్యేసుకుని చూపించింది. తనని వెక్కిరిస్తోందనుకుని మేస్త్రి మొహం తిప్పేసుకున్నాడు. చెమట తుడుచుకుని, మెల్లగా చెయ్యి చాపి, పెట్టెలోంచి ఒక సూది తీశాడు.

సూదత్త కుర్చీలో వెనక్కి వాలింది. అప్పట్నుంచీ చెవిలో కాపురమున్న ఆ నవ్వు ఇప్పుడు ఆవిడ పెదాల మీదికొచ్చి కూర్చుంది.

"కంగారేం లేదు మేస్త్రిగారూ," అంది. "కింద పీట ఖాళీగానే ఉంది."